కిటికీ హ్యాండిల్ మార్చే ముందు అది ఎందుకు అరిగిందో చూడండి

కిటికీ హ్యాండిల్ ఊగుతుంటే ఎవరైనా ముందు చేసే పని స్క్రూ బిగించడం. కొన్నాళ్ళు బాగుంటుంది, మళ్ళీ ఊగుతుంది. ఈసారి ఇంకాస్త గట్టిగా బిగిస్తే స్క్రూ పట్టు తప్పి ఊరికే తిరగడం మొదలెడుతుంది. ఇక లాభం లేదని కొత్త హ్యాండిల్ తెస్తారు, కొంతకాలానికి దాని గతీ అంతే. చాలా కిటికీల్లో తప్పు హ్యాండిల్‌ది కాదు. రెక్క కిందికి వాలి చట్రానికి ఒరుసుకుంటున్నా, లోపలి గేరు (హ్యాండిల్ తిప్పితే గడియల్ని కదిలించే భాగం) ఎండి బిగుసుకుపోయినా, గడియ దాని కన్నంలోకి సూటిగా పోకపోయినా మనం చేసేది ఒక్కటే, చేత్తో ఇంకాస్త బలంగా తిప్పడం. ఆ బలమంతా పడేది హ్యాండిల్ మెడ మీదా, దాని రెండు స్క్రూల మీదా.

అందుకని మొదటి పరీక్ష రెక్క తెరిచి ఉంచి చెయ్యాలి. తెరిచి ఉన్నప్పుడు హ్యాండిల్ సాఫీగా తిరిగి, మూసినప్పుడు మాత్రమే మొరాయిస్తే హ్యాండిల్‌లో గానీ గేరులో గానీ లోపం లేదు. రెక్క వాలింది, లేదా చట్రంలో గడియ దిగే పట్టీ పక్కకి జరిగింది. తెరిచి ఉన్నప్పుడు కూడా బిగుతుగానే ఉంటే హ్యాండిల్ ఊడదీసి, దాని చదరపు కడ్డీని మాత్రం గేరులో పెట్టి పక్కర్ (ప్లయర్)తో పట్టుకుని తిప్పాలి. అప్పుడు సులువుగా తిరిగితే హ్యాండిల్ లోపలే ఏదో పట్టేసింది. అప్పటికీ బిగుతుగా ఉంటే లోపం గేర్‌బాక్స్‌లో, అంటే ఆ గేరు ఉండే పెట్టెలో. ఇక మూడో రకం: హ్యాండిల్ గిర్రున తిరుగుతుంది, గడియలు మాత్రం కదలవు. అంటే కడ్డీ మూలలు అరిగి గుండ్రబడ్డాయి, లేదా అది దూరే గేరు రంధ్రం చీలింది, లేదా హ్యాండిల్ లోపలి పట్టు విరిగింది. హ్యాండిల్ చేతిలోకి వచ్చాక కడ్డీని వేళ్ళతో తిప్పి చూస్తే మూడింటిలో ఏదో తెలిసిపోతుంది.

రెక్క వాలిందేమో చూడటం ఇంకా తేలిక. రెక్క సగం తెరిచి, హ్యాండిల్ ఉన్న వైపు అంచు పట్టుకుని పైకి ఎత్తండి. కదలిక కంటికి కనబడేంతగా, 2 మి.మీ. దాకా ఉంటే మడతబందులు అరిగాయి, లేదా వాటి స్క్రూలు వదులయ్యాయి. ఇది సరిచెయ్యకుండా ఎంత మంచి హ్యాండిల్ పెట్టినా పెట్టినట్టే పోతుంది. ముందు బందుల స్క్రూలు బిగించి, మళ్ళీ మూసి చూడండి. సగం ఇళ్ళలో పని అక్కడితో అయిపోతుంది.

చెక్క కిటికీలు

చెక్క కిటికీలో హ్యాండిల్ అంటే పిడి, గడియ, కొక్కెం. వీటిలో లోహం అరగడం తక్కువ. స్క్రూ చుట్టూ ఉన్న చెక్క నారలు తెగిపోవడమే ఎక్కువ. స్క్రూ పట్టు తప్పిన కన్నాన్ని బాగుచెయ్యడానికి మూడు దారులున్నాయి.

మొదటిది, అదే లావుండి, పాతదాని కన్నా అర అంగుళం ఎక్కువ పొడుగున్న స్క్రూ వెయ్యడం. వెనక ఇంకా మంచి చెక్క ఉంటే ఇది చాలు. లావు స్క్రూ వెయ్యబోతే దాని తల హ్యాండిల్ పళ్ళెంలోని గుంటలో సరిగ్గా కూర్చోదు, పైకి లేచి ఉండిపోతుంది. లావు కన్నా పొడుగే మేలు.

రెండోది, కన్నంలో తెల్ల చెక్క జిగురు వేసి, వెదురు పుల్లలో టూత్‌పిక్‌లో ఇక పట్టనంత వరకు దూర్చి, పైన సమంగా కోసెయ్యడం. జిగురు పూర్తిగా ఆరేదాకా, అంటే ఒక రాత్రి గడిచేదాకా, స్క్రూ వెయ్యకూడదు. తడి మీద వేస్తే పుల్లలు పక్కకి తోసుకుపోయి కన్నం మళ్ళీ ఖాళీ అవుతుంది. అగ్గిపుల్లలు కూడా వాడుకోవచ్చు గానీ మందు ఉన్న తల విరిచెయ్యాలి. వాటి చెక్క మెత్తన, వెదురంత పట్టు ఇవ్వదు.

మూడోది, కన్నం మరీ పాడైతే 8 మి.మీ. డ్రిల్ బిట్‌తో శుభ్రంగా తొలిచి, అదే మందం గట్టి చెక్క బిరడా జిగురుతో దిగ్గొట్టడం. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. మామూలు గుండ్రటి పుల్ల వాడితే స్క్రూ దాని నారల వెంట దిగుతుంది. నారల వెంట దిగిన స్క్రూకి పట్టు తక్కువ, నారలకి అడ్డంగా దిగినదానికి ఎక్కువ. చిన్న పిడికి ఏదైనా ఫరవాలేదు. రెక్క బరువంతా మోసే మడతబందు స్క్రూ అయితే మాత్రం నారలు అడ్డంగా వచ్చేలా పలక నుంచి కోసిన బిరడా పెట్టాలి. గోడలకి వాడే ప్లాస్టిక్ ప్లగ్గు చెక్కలో పెట్టకండి. గోడలో అది ఉబ్బి నిలబడుతుంది, చెక్కలో స్క్రూతో పాటు తనూ తిరుగుతుంది, కొన్నిసార్లు రెక్క అంచునే చీల్చేస్తుంది.

ఏ దారిలో వెళ్ళినా కొత్త స్క్రూకి ముందు సన్నటి దారి కన్నం వెయ్యాలి. 3.5 మి.మీ. స్క్రూకి మెత్తటి చెక్కలో 2 మి.మీ., టేకు లాంటి గట్టి చెక్కలో 2.5 మి.మీ. బిట్ సరిపోతుంది. ఎంత లోతు తొలచాలో బిట్ మీద టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. కిటికీ రెక్క పలచన, బిట్ అవతలికి పొడుచుకొస్తే ఇక దాచలేరు. ఇత్తడి స్క్రూలు వేస్తుంటే ముందు అదే కొలత ఇనుప స్క్రూ ఒకసారి పూర్తిగా దించి, తీసేసి, ఆ దారిలో ఇత్తడిది బిగించాలి. లేకపోతే ఇత్తడి స్క్రూ సగం లోతులో పుటుక్కుమని తెగుతుంది, ఆ తెగిన ముక్క తియ్యడం అసలు పని కన్నా పెద్ద పని. స్క్రూ పళ్ళకి కాస్త సబ్బో మైనమో రాస్తే సులువుగా దిగుతుంది.

ఇవన్నీ చేసే ముందు చెక్క బతికుందో లేదో చూడాలి. హ్యాండిల్ తీసిన చోట, రెక్క కింది మూలలో స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. గట్టిగా తగిలితే సరే. మొన 3-4 మి.మీ. ఇట్టే దిగిపోతే లోపల కుళ్ళింది. అక్కడ పొడుగు స్క్రూ, పుల్లలు, బిరడా ఏవీ నిలవవు. కుళ్ళిన భాగం ఉలితో తీసేసి కొత్త చెక్క ముక్క అతికించాల్సిందే. లేదా హ్యాండిల్‌ని మంచి చెక్క ఉన్న చోటికి జరపాలి.

బరువైన రెక్కల పిడులకి స్క్రూల కన్నా అటూ ఇటూ దూసుకెళ్ళే బోల్టు నయం. నున్నటి గుండు తల బయటికి, వాషరూ నట్టూ లోపలికి వచ్చేలా పెట్టాలి. నట్టు బయటికి పెడితే స్పానర్ ఉన్న ఎవరైనా ఊడదీసుకుపోవచ్చు.

గడియ కన్నంలోకి దిగకపోతే కంటి కొలతతో చట్రాన్ని తొలచకండి. గడియ కొసకి సుద్దో, సిరానో రాసి రెక్క మూసి, గడియని తోసి వెనక్కి లాగండి. చట్రం మీద అచ్చు పడుతుంది. తేడా 1-2 మి.మీ. ఉంటే పట్టీ కన్నాన్ని ఆకురాయితో ఆ వైపుకి రాస్తే చాలు. పట్టీని జరపాలనుకుంటే పాత స్క్రూ కన్నాలు ముందు పూడ్చి తీరాలి. పక్కనే కొత్త కన్నం వేస్తే బిట్ జారి పాతదాంట్లోకే పోతుంది. వానాకాలంలో ఉబ్బిన రెక్కకి మాత్రం తొందరపడి చిత్రిక పట్టకండి. చెక్క ఆరాక ఎంత సందు ఉంటుందో చూసి, అప్పటికీ ఒరుసుకుంటేనే పట్టాలి.

యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్), అల్యూమినియం రెక్కలు

ఇక్కడ హ్యాండిల్ మార్చడం పది నిమిషాల పని. సరైన హ్యాండిల్ కొనడమే అసలు పని. రంగు చూసో ఆకారం చూసో కొంటే నూటికి తొంభై పాళ్ళు వెనక్కి ఇచ్చుకోవాల్సి వస్తుంది. పాతది ఊడదీసి కొలిచాకే కొనండి.

తిప్పితే రెక్క అంచులో ఉన్న గడియలన్నీ ఒక్కసారే కదిలే రకం అయితే హ్యాండిల్ వెనక చదరపు కడ్డీ ఉంటుంది. దాన్నే స్పిండిల్ అంటారు. దాదాపు అన్నిటిలో దాని మందం 7 మి.మీ. రెండు స్క్రూల మధ్య దూరం, ఒకదాని నడిమి నుంచి ఇంకోదాని నడిమికి, 43 మి.మీ. స్క్రూలు ఎం5, అంటే 5 మి.మీ. లావువి. ఇవి ఎక్కువగా కలుస్తాయి కాబట్టి ఎవరూ తప్పు చెయ్యరు. తప్పు జరిగేది స్పిండిల్ పొడవు దగ్గర. హ్యాండిల్ అడుగు రెక్కకి ఆనే మట్టం నుంచి స్పిండిల్ కొస దాకా కొలవాలి, హ్యాండిల్ లోపలికి పోయిన భాగం లెక్కలోకి రాదు. 10, 15, 20, 30, 40, 55 మి.మీ. ఇలా రకరకాల పొడవుల్లో దొరుకుతాయి.

పొట్టిది పెడితే మొదట బాగానే పనిచేస్తుంది. గేరు రంధ్రంలో దాని కొస మాత్రమే పట్టుకుని ఉంటుంది కాబట్టి ఆ కాస్త మేరకే బలం పడి రంధ్రం గుండ్రబడుతుంది. అప్పుడు హ్యాండిల్‌తో పోయేది గేర్‌బాక్స్ దాకా వస్తుంది. పొడుగుది పెడితే హ్యాండిల్ రెక్కకి ఆనదు. స్క్రూలతో బలవంతంగా లాగితే స్పిండిల్ అవతలి గోడకి గుచ్చుకుని గేరు బిగుసుకుంటుంది. పొడుగుదాన్ని మాత్రం కోసుకోవచ్చు. స్పిండిల్‌ని వైస్‌లో బిగించి హాక్సాతో కోసి, అంచుల గరుకు ఆకురాయితో తీసెయ్యాలి. హ్యాండిల్‌ని వైస్‌లో బిగించి కోస్తే లోపలి బిళ్ళ దెబ్బతింటుంది. రెండు కొలతల మధ్య సందేహం ఉంటే పెద్దదే తీసుకోండి.

స్పిండిల్ లేకుండా, హ్యాండిల్ ముక్కు చట్రం మీదున్న చిన్న దిమ్మెని పట్టి లాగే రకం ఇంకోటి ఉంది. దీనికి కొలవాల్సింది ముక్కు ఎత్తు. హ్యాండిల్ అడుగు నుంచి ముక్కు కింది అంచు దాకా ఎంతుందో చూడండి, ఎక్కువగా 9 నుంచి 21 మి.మీ. మధ్య ఉంటుంది. ఈ రకంలో హ్యాండిల్ కన్నా ముందు అరిగేది ఆ దిమ్మె. రెక్క మూసినా గాలి వస్తోందంటే దిమ్మె మీద ముక్కు రాసుకున్న గాడి కనబడుతుంది, దిమ్మె ఒక్కటి మారిస్తే చాలు. వంపు ఉన్న హ్యాండిళ్ళలో కుడి ఎడమల తేడా ఉంది. గది లోపల నిలబడి, మూసిన కిటికీకి ఫొటో తీసి, మడతబందులు ఏ వైపున్నాయో, హ్యాండిల్ ఏ వైపు వంగి ఉందో దాన్నిబట్టే తీసుకోవాలి.

ఇక బిగింపు. రెక్క తెరిచే ఉంచాలి. హ్యాండిల్ లేకుండా రెక్క మూసుకుని గడియలు పడితే తెరవడానికి మళ్ళీ కడ్డీ దూర్చాల్సి వస్తుంది. పై అంతస్తు అయితే రెక్కని తాడుతో లోపలికి కట్టి, కింద ఎవరూ తిరగకుండా చూసుకోండి. రెక్క అడుగున నీళ్ళు పోయే చిల్లులూ సందులూ ఉంటాయి, వాటి మీద టేపు అంటిస్తే జారిన స్క్రూ అందులో పడదు.

స్క్రూలు పైకి కనబడకపోతే హ్యాండిల్‌ని 90 డిగ్రీలు తిప్పి, దాని అడుగు పళ్ళెం మీది మూతని తిప్పండి, లేదా సన్నటి మొనతో లేపండి. కింద రెండు స్క్రూలుంటాయి. రెండూ తీసి హ్యాండిల్‌ని నేరుగా వెనక్కి లాగాలి, వంచితే స్పిండిల్ గేరు రంధ్రాన్ని చీలుస్తుంది. తీసేటప్పుడు హ్యాండిల్ నిలువుగా ఉందా అడ్డంగా ఉందా గుర్తుంచుకోండి. కొత్తది అదే భంగిమలో పెట్టకపోతే మూసినప్పుడు తెరిచినట్టు, తెరిచినప్పుడు మూసినట్టు ఉంటుంది.

కొత్త స్క్రూలు పాతవాటి పక్కన పెట్టి పొడవు సరిచూడండి. మరీ పొడుగైతే అవి కూడా గేర్‌బాక్స్ లోపలికి పొడుచుకుని దాన్ని ఆపేస్తాయి. మోటారు స్క్రూడ్రైవర్ వద్దు, చేత్తోనే, ఒకసారి పైది ఒకసారి కిందది మార్చి మార్చి బిగించండి. చివరి రెండు చుట్లలో ప్రతి అర చుట్టుకీ ఒకసారి హ్యాండిల్ తిప్పి చూడాలి. అప్పటిదాకా సాఫీగా తిరిగింది బిగిస్తున్నకొద్దీ గట్టిపడుతోందంటే స్పిండిల్ గానీ స్క్రూ గానీ పొడుగైంది. బలవంతం చెయ్యకుండా తీసి కొయ్యండి. రెక్క తెరిచి ఉండగానే పదిసార్లు తిప్పి, గడియలు పూర్తిగా బయటికీ లోపలికీ వస్తున్నాయని కంటితో చూశాకే మొదటిసారి మూయాలి.

గేర్‌బాక్సే పోయిందనుకుంటే వెంటనే కొనకండి. రెక్క అంచు వెంట ఉన్న ఇనుప పట్టీ మీద దుమ్ము బ్రష్‌తో తీసి, కదిలే ప్రతి సందులో తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, ఒక గంట ఆగి, అటూ ఇటూ తిప్పండి. నల్లటి మురికి బయటికొస్తుంది. తుడిచేసి తెల్ల లిథియం గ్రీజు పెట్టండి. స్ప్రే ఒక్కటే కొట్టి వదిలెయ్యకూడదు. అది పలచన, త్వరగా ఎగిరిపోయి లోహాన్ని మళ్ళీ పొడిగా వదిలేస్తుంది. రబ్బరు పట్టీలకి మాత్రం నూనె, గ్రీజు తగలనివ్వద్దు, ఉబ్బి వదులవుతాయి. వాటికి సిలికాన్ స్ప్రేని గుడ్డ మీద కొట్టి రాయాలి. ఇంత చేసినా గేరు జారుతుంటే పాతదాన్ని ఊడదీసి, పట్టీ ముఖం నుంచి స్పిండిల్ రంధ్రం నడిమి దాకా ఉన్న దూరం కొలవండి. 20, 22 మి.మీ. ఎక్కువగా కనబడతాయి. 2 మి.మీ. తేడా వచ్చినా హ్యాండిల్ కన్నాలు కలవవు.

మూసినప్పుడు మాత్రమే గట్టిగా ఉందని మొదట్లో తేలిన కిటికీకి ఇంకో మందుంది. గడియల చివర పుట్టగొడుగు తలలా ఉన్న బొడిపెలు చాలా రకాల్లో నడిమి తప్పిన చక్రాలు. అలెన్ కీతోనో స్పానర్‌తోనో వాటిని తిప్పితే రెక్క ఒత్తిడి సుమారు 1 మి.మీ. మేర తగ్గుతుంది, పెరుగుతుంది. రెక్క వాలి ఉంటే మాత్రం దీనితో పోదు. అద్దం అంచుల్లో పెట్టిన ప్లాస్టిక్ ప్యాకర్లు (సందు నింపే బిళ్ళలు) జారిపోయి అద్దం బరువు మూలకి పడుతుంటుంది. మడతబందు దగ్గరి కింది మూలలోనూ దానికి ఎదురు పై మూలలోనూ ప్యాకర్లు బిగిస్తే రెక్క తిరిగి పైకి లేస్తుంది. అద్దం పట్టీలు ఊడదియ్యాల్సిన పని కాబట్టి చేతులకి తొడుగులు వేసుకుని, ఇద్దరుండి చెయ్యండి.

జారే కిటికీలు

జారే రెక్కల్లో నెలవంక ఆకారం తాళం కొక్కెం అవతలి పట్టీకి అందకపోతే ముందు అనుమానించాల్సింది చక్రాలని. చక్రాలు అరిగితే రెక్క 2-3 మి.మీ. కిందికి దిగుతుంది, కొక్కెం గురి తప్పుతుంది. రెక్క కింది అంచు పక్కన చిన్న కన్నం ఉంటే అందులోని స్క్రూ తిప్పి చక్రాన్ని ఎత్తవచ్చు. తాళమే మార్చాలంటే రెండు స్క్రూల మధ్య దూరం, కొక్కెం ఎంత బయటికొచ్చిందో, అడుగు నుంచి దాని ఎత్తెంతో, మూడూ కావాలి.

అల్యూమినియం గోడ మందం చాలాసార్లు మిల్లీమీటరున్నరకి మించదు. స్క్రూకి దొరికేది ఒకటో రెండో పళ్ళ పట్టు. అందుకే ఇక్కడ స్క్రూలు అంత త్వరగా వదులవుతాయి. 3.9 మి.మీ. స్క్రూ పట్టు తప్పితే 4.2, అదీ తప్పితే 4.8 వెయ్యవచ్చు, అంతకు మించి వద్దు. శాశ్వతంగా నిలవాలంటే 6 మి.మీ. కన్నం చేసి ఎం4 రివెట్ నట్టు (కన్నంలో బిగుసుకుని బోల్టుకి మరలిచ్చే నట్టు) బిగించి అందులోకి బోల్టు వెయ్యాలి. అల్యూమినియంలో ఇత్తడి స్క్రూ పెట్టకండి, తడి తగిలితే అల్యూమినియమే తినేసుకుపోయి కన్నం పెద్దదవుతుంది. సముద్రం దగ్గరి ఇళ్ళకి 304 రకం స్టీలు కూడా మచ్చలు పడుతుంది, 316 తీసుకోండి. స్టీలు స్క్రూ పళ్ళకి కాస్త గ్రీజు రాసి దించితే తర్వాతెప్పుడైనా ఊడివస్తుంది.

ఊడిరాని స్క్రూలు

రంగు పూసుకుపోయిన స్క్రూ గాడిని ముందు మేకు మొనతో శుభ్రం చెయ్యాలి, తల చుట్టూ రంగుని బ్లేడుతో గీయాలి. స్క్రూడ్రైవర్ గాడిలో నిండుగా కూర్చోవాలి. కూర్చున్నాక దాని వెనక సుత్తితో రెండు దెబ్బలు వేసి, మొదట బిగించే వైపు కొంచెం తిప్పి, తర్వాత వదులు చెయ్యండి. చెక్కలో తుప్పు పట్టిన స్క్రూకి సోల్డరింగ్ ఐరన్ మొన తల మీద ఒకటి రెండు నిమిషాలు ఆనిస్తే వేడికి పట్టు వదులుతుంది. యూపీవీసీ మీద ఈ పని చెయ్యకండి, ప్లాస్టిక్ కరుగుతుంది. తల గాడి పూర్తిగా చెడిపోతే నడిమిన 3 మి.మీ. బిట్‌తో మొదలెట్టి, స్క్రూ కాండం మందానికి వచ్చేదాకా పెంచుకుంటూ తొలిస్తే తల ఊడిపోతుంది. హ్యాండిల్ తీసేశాక మిగిలిన కాండాన్ని పక్కర్‌తో తిప్పి తియ్యవచ్చు.

విరిగిన హ్యాండిల్ మెడని జిగురుతో అతికించే ప్రయత్నం మాత్రం దండగ. ఎక్కువ హ్యాండిళ్ళు జింకు మిశ్రమంతో పోతపోసినవి, విరిగిన చోట పట్టు తిరిగి రాదు, పైగా మళ్ళీ విరిగేది గట్టిగా లాగుతున్నప్పుడే. హ్యాండిల్ విరగకుండా ఊరికే ఊగుతుంటే దాని మెడ కింద తల లేని చిన్న మరస్క్రూ ఉందేమో వెతకండి. 2.5 లేదా 3 మి.మీ. అలెన్ కీ పడుతుంది. దాన్ని తీసి, పళ్ళకి స్క్రూలు వదులవకుండా పట్టే నీలం జిగురు ఒక్క చుక్క వేసి బిగిస్తే చాలు. ఎర్ర రకం వాడితే వేడి చేస్తే తప్ప మళ్ళీ ఊడదు. తాళంచెవి ఉన్న హ్యాండిల్ పెట్టుకుంటే కన్నంలోకి నూనె పొయ్యకుండా గ్రాఫైట్ పొడి ఊదండి. చెవిని కిటికీ పక్కనే, బయటి నుంచి చెయ్యి అందని చోట, ఇంట్లో అందరికీ తెలిసేలా తగిలించండి.